ముక్కలక్క అడిగిన వందమంది

పంకాలమ్ముకునే షావుకారు రేడియో స్టేషన్ ఎందుకు పెట్టాడయ్యా అంటే, పంకాలమ్ముకోవడానికే. పేపర్లో వేయించిన ప్రకటన మర్నాటికల్లా పొట్లం కాగితమైపోతోందని ఆయనకు మహా దుగ్ధ. ప్రైవేటువాళ్ళకు కూడా రేడియో లైసెన్సులిస్తున్నారని చెవినపడగానే, కొట్టు మీద పాత సరుకు పడేసే రెండు గదులు ఖాళీ చేయించి, గోడలకు కోడిగుడ్ల అట్టలు అతికించి, డాబా మీద ఇనుప స్తంభం నిలబెట్టాడు. మూడు పాటలు, ఒక పంకా. మళ్ళీ మూడు పాటలు, మళ్ళీ పంకా. ఊరు ఊరంతా దానికి పంకా రేడియో అని పేరు పెట్టేసింది. షావుకారు నొచ్చుకోలేదు సరికదా, దమ్మిడీ ఖర్చు లేకుండా పేరొచ్చిందని మురిసిపోయాడు.

ఆ రేడియోకి మొదటి గొంతు ఊరంతా బాబాయ్ అని పిలిచే మనిషిది. అంతకుముందు రిక్షాలో మైకు పెట్టుకుని వీధివీధికీ తిరుగుతూ దుకాణాల ప్రకటనలు చెప్పేవాడు. ఎండలో అరిచి అరిచి రాటుదేలిన గొంతు. పొద్దుటి కార్యక్రమం ఆయనది. "కాఫీ పడిందా గొంతులో? పడకపోతే ఈ పాట పోసుకోండి!" అని తనే అని, ఇంకెవరూ నవ్వకముందే తనే నవ్వేవాడు. తలుపులేసుకున్నా ఇంట్లోకొచ్చే నవ్వది. జోకు పాతబడ్డా నవ్వు మాత్రం రోజూ కొత్తదే. బడికెళ్ళే పిల్లలు ఆయన నవ్వును అనుకరించేవాళ్ళు. ఇంతకంటే పేరుప్రఖ్యాతులు ఎవరికి కావాలి?

మనం చెప్పుకునేది మాత్రం ఆయన వెనకాలే ఆ మెట్లెక్కిన ఒకావిడ సంగతి. భర్త పనిచేసే ప్రెస్సు మూతపడి, ఇల్లు గడవక కిందామీదా పడుతున్న రోజుల్లో, అదే సందులో ఉండే బాబాయ్ ఆమెను తీసుకెళ్ళి షావుకారు ఎదుట నిలబెట్టాడు.

"ఫోనెత్తడానికి మనిషి కావాలన్నావుగా షావుకారూ. ఈ అమ్మాయిని పెట్టుకో. ఎవరెన్నిసార్లు చేసినా విసుక్కోదు. నాదీ పూచీ."

"నీ పూచీ మీద పంకా రెక్క కూడా ఇవ్వను. సరే, రేపట్నుంచి రమ్మను."

అలా చేరింది. జనం ఫోన్ చేసి ఫలానా పాట వేయమంటే, పాట పేరూ అడిగినవాళ్ళ పేరూ రాసి బాబాయ్‌కి అందించడం ఆమె పని. బాబాయ్ ఆమెకు నేర్పింది ఒక్కటే: "ముందు బాగున్నారా అనడుగు. పాట తర్వాతడుగు. పాట కోసం ఎవడూ ఫోన్ చెయ్యడమ్మా, పలకరిస్తారని చేస్తారు." ఆ మాట నిజమేనని ఆమెకు వారం తిరక్కుండానే తెలిసిపోయింది. ఆ గదిలో ఆమెకు ఒక కుర్చీ, ఒక బల్ల, అద్దం కిటికీలోంచి కనిపించే బాబాయ్ వీపు. ఆ జీతంతోనే కూతురి చదువు సాగింది, భర్త మళ్ళీ పని వెతుక్కునే దాకా పొయ్యి వెలిగింది. బాబాయ్ లేకపోతే తమ బతుకు ఏమై ఉండేదో ఆమెకు తెలుసు. తెలుసు కాబట్టే ఆయన మైకులో, "మా ఆఫీసులో ఒకావిడుందండోయ్, ఆవిడొచ్చే వేళకి గడియారం కూడా కునుకు తీసి లేస్తుంది!" అని రోజూ తన మీద హాస్యమాడినా నవ్వుతూ ఊరుకునేది. కూతురు మాత్రం బళ్ళో పిల్లలు ఏడిపిస్తున్నారని ఓసారి ఏడ్చింది. ఆ సంగతి ఆమె బాబాయ్‌కి చెప్పలేదు.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు కదా. కొన్నాళ్ళకు ఊళ్ళో అద్దాల మేడలో రెండో రేడియో స్టేషన్ పుట్టుకొచ్చింది. సబ్బులవాళ్ళూ చీరలవాళ్ళూ అటు వెళ్ళిపోయారు. పంకా రేడియోలో చివరికి పంకాలే మిగిలాయి. అప్పుడు దిగాడు షావుకారు అల్లుడు. పెద్ద చదువులు చదివినవాడు, మర్యాదస్తుడు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. కోడిగుడ్ల అట్టలు పీకించి గోడలకు మెత్తటి దిళ్ళలాంటివి బిగించాడు. తర్వాత అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు.

"మనకేది ఇష్టమో అది వేస్తే లాభం లేదండీ. జనానికేది ఇష్టమో కనుక్కుని వెయ్యాలి."

కనుక్కోవడానికొక పద్ధతి తెచ్చాడు. పాటంతా వినిపించే తీరిక ఎవరికీ ఉండదు కాబట్టి, వినగానే నోటికొచ్చే ముక్క ఒకటి కోసి ఉంచాలి. జనానికి ఫోన్ చేసి ఆ ముక్కలు వరసగా వినిపించాలి. ఇష్టమా, ఫర్వాలేదా, విసుగొచ్చిందా, అసలు తెలీదా అని అడగాలి. వారానికి వందమందిని. ఎక్కువమందికి విసుగొచ్చిన పాట ఇక మూలకే. ఈ పని ఎవరికి అప్పజెప్పాలన్న ప్రశ్నే రాలేదు. ఫోనులో ఆమె గొంతు ఊరందరికీ తెలుసు. ఆ రోజునుంచీ ఆమె ముక్కలక్క అయిపోయింది. ఆ పేరు పెట్టింది కూడా బాబాయే.

మొదట్లో నిజంగానే అడిగింది పాపం. ఒకాయన బ్యాంకువాళ్ళనుకుని, అప్పేమీ వద్దని ఫోన్ పెట్టేశాడు. ఒకావిడ ముక్క విని, "మిగతాది కూడా వెయ్యమ్మా, మధ్యలో ఆపితే ఎలా?" అని పోట్లాటకు దిగింది. ఒక పెద్దమనిషి, విసుగొచ్చిందా అనడగ్గానే, "దేని మీద, బతుకు మీదా?" అన్నాడు. పదిమందికి చేస్తే ఒకరు పలికేవారు, పలికినవాళ్ళు మూడో ముక్కకే పని గుర్తొచ్చిందనేవారు. సాయంత్రానికి ఆమె చెవి ఎర్రగా కందిపోయేది. వారం చివర వందలో సగం కూడా నిండేవి కావు. అల్లుడు కోప్పడేవాడు కాదు, "వచ్చేవారం చూద్దాం లెండి అక్కా," అనేవాడు. కోప్పడినా బాగుండేదని ఆమెకనిపించేది.

అలాంటి రోజుల్లో దొరికింది కుట్టుమిషను మామ్మగారు. మోకాళ్ళ నొప్పులతో ఇల్లు కదల్లేని మనిషి. రోజంతా కిటికీ పక్కన మిషను ముందు కూర్చుని రవికలు కుడుతూ, తలపైన అరలో రేడియో పెట్టుకుని వినేది. ఆమెకు ఫోన్ రావడమే ఓ పండగ.

"ఈ ముక్క ఎలా ఉంది మామ్మగారూ?"

"ఇది మా కోడలికి పడదే అమ్మాయ్. అందుకని నాకిష్టం, రాసుకో."

"మరి మీ అబ్బాయిగారికి?"

"వాడికి అన్నీ ఫర్వాలేదే. పెళ్ళి కూడా అలాగే చేసుకున్నాడు. మనవడు మాత్రం దీనికి మంచమెక్కి గెంతుతాడు. ఎదురింటావిడకి విసుగు. పక్కింట్లో అద్దెకున్న మేష్టారికి అసలు పాటంటేనే తెలీదు, తెలీదని రాసెయ్యి."

మొదటిసారి ముక్కలక్క ఆ ఇంటివాళ్ళ జవాబులు మాత్రమే రాసుకుంది. రెండోసారి వీధివాళ్ళవీ రాసుకుంది. కొన్నాళ్ళకు మామ్మగారి వీధి అవతలి వీధి దాకా పాకింది, రవికలు కుట్టించుకునే ప్రతి మనిషికీ ఒక అభిప్రాయం ఏర్పడింది. చివరికి ఆవిడ ఒక్క మాట అంటే, ముక్కలక్క దాన్ని తనే అటూఇటూ సర్ది వందమందికి పంచడం మొదలుపెట్టింది. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి కుండంతా పిసకాలా, ఒక్క మెతుకు చాలదూ అని తనకు తానే సర్దిచెప్పుకుంది. మెతుకు సంగతి నిజమే. కానీ ఆ మెతుకు ఆ కుండలోదే అయ్యుండాలి. ఒక కిటికీ పక్కన కూర్చున్న మనిషి ఊరెలా అవుతుంది? ఆ సంగతి ఆమెకు తెలియదా అంటే తెలుసు. చెవి కందకుండా సాయంత్రం ఇంటికెళ్ళగలిగే సుఖం ముందు తెలిసినవన్నీ మరుపున పడతాయి.

విచిత్రమేమిటంటే, పంకా రేడియో పుంజుకుంది. సబ్బులు తిరిగొచ్చాయి, చీరలూ వచ్చాయి. మామ్మగారి చెవి మంచిదో, ఊరికి అదృష్టం పట్టిందో చెప్పలేం. అల్లుడు అందరి ముందూ ముక్కలక్కను నిలబెట్టి, "ఊరి నాడి ఈవిడ చేతిలో ఉంది," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది బాబాయ్. "నేను తెచ్చిన పిల్లయ్యా!" అని షావుకారు భుజం చరిచాడు. ఎవరు ఆమె వైపు చూసినా, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, చేతిలో ఉన్న కాగితాలు వెనక్కి పెట్టుకునేది.

అప్పుడైనా ఆగి ఉంటే ఎవరికీ చెడు జరిగేది కాదు. పాటలకు ప్రాణం ఉండదు, మూలన పడేస్తే ఏడవవు. కానీ అల్లుడికి ఇంకో ఆలోచన వచ్చింది. పాటల గురించి అడిగినట్టే మాట్లాడేవాళ్ళ గొంతుల గురించీ అడుగుదామన్నాడు. బాబాయ్ పొద్దుటి కార్యక్రమంలోంచి కూడా ఒక ముక్క కోశారు. కాఫీ జోకు, దాని వెనకాల నవ్వు.

ఆ మధ్యాహ్నం ముక్కలక్క మామ్మగారికి ఆ ముక్క వినిపించింది. అవతల మిషను చప్పుడు ఆగింది.

"ఏమనుకోకు అమ్మాయ్. విసుగు. పొద్దున్నే సూదిలోకి దారం ఎక్కించుకుంటుంటే ఒక్కసారిగా భళ్ళున నవ్వుతాడు, వేలు గుచ్చుకుంటుంది. పాటలు బావుంటాయి, ఆయన్ని కాస్త ఆపమను."

"సరే మామ్మగారూ," అని ముక్కలక్క ఫోన్ పెట్టేసింది.

ఇక్కడే చూడండి మనిషి బుద్ధి ఎంత వింతగా పనిచేస్తుందో. ఇన్నాళ్ళూ లేని వందమందిని పుట్టించినప్పుడు రాని నీతి ఆమెకు ఆ క్షణంలో వచ్చింది. బాబాయ్ నావాడని ఇష్టమని రాస్తే పక్షపాతం అవుతుంది కదా అనుకుంది. ఉపకారం చేసినవాడని అబద్ధం రాయొచ్చా? రాయకూడదు. ఉన్నది ఉన్నట్టు రాయాలి. ఒక్కావిడ విసుగును నిజాయితీగా, ఎక్కడా తగ్గించకుండా, అరవైమంది విసుగు చేసి రాసింది. మిగతావాళ్ళకు ఫర్వాలేదు. ఆఖర్న, న్యాయంగా ఉండాలని, ఇద్దరు ముగ్గురికి ఇష్టమని కూడా వేసింది. రాసిన కాగితం అల్లుడి బల్ల మీద పెట్టి, తప్పేమీ చేయలేదన్నట్టు తల నిమురుకుని ఇంటికెళ్ళిపోయింది.

బాబాయ్‌ని పిలిచి చెప్పినప్పుడు ఆమె ఆ గదిలోనే ఉంది. అల్లుడు మర్యాదగానే చెప్పాడు, కాగితం కూడా చూపించాడు. బాబాయ్ కళ్ళజోడు పెట్టుకుని ఆ అంకెను చాలాసేపు చూశాడు. వాదిస్తాడేమో, కాగితం విసిరికొడతాడేమో, పోనీ షావుకారు దగ్గరకు పరుగెత్తుతాడేమో అని ఆమె ఎదురుచూసింది. అవేవీ చేయలేదు.

"అరవైమందా! పాపం, ఇన్నాళ్ళూ ఓపిగ్గా భరించారయ్యా," అన్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, "ముందే ఓ మాట చెవిలో వెయ్యకపోయావా అమ్మా? తగ్గించుకునేవాణ్ణి కదా," అన్నాడు.

ఆమె బల్ల మీది కాగితాలు సర్దసాగింది. బాబాయ్ తన కుర్చీ మీద దిండు చంకలో పెట్టుకుని, అందరికీ చెయ్యూపి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున ఆయన వేళకు వరసగా పాటలు వేశారు.

ఆ తర్వాత ముక్కలక్క సందులో బాబాయ్ ఎదురైతే పక్కకు తప్పుకునేది. ఆయన భార్యను పిన్ని అని పిలిచేది. ఆ పిన్నే ఒకరోజు కుళాయి దగ్గర పట్టుకుని, "మీ బాబాయ్‌కి ఏమైందే? ఇంట్లో నోరు విప్పితే ఒట్టు. నేనేదైనా అని నవ్వించబోతే కూడా, ఊరికి విసుగొచ్చిన నవ్వు నీకెందుకే అంటున్నాడు. బస్టాండులో బస్సులొచ్చాయని చెప్పే పని దొరికింది, పోయి చదివి వస్తున్నాడు," అంది. ముక్కలక్క బిందె నిండి పొర్లిపోతున్నా చూసుకోలేదు.

ఆ వారం ఆమె మళ్ళీ బుద్ధిగా కూర్చుని, అన్నాళ్ళూ చేయని ఫోన్లు చేసింది. పాటలు కాదు, బాబాయ్ ముక్క ఒక్కటే వినిపించింది. ఒకతను, "అరే, ఈయన పోయాడనుకున్నామండీ! బతికే ఉన్నాడా?" అన్నాడు. ఒకామె, "మా పిల్లాడు ఈ నవ్వు వినందే పాలు తాగేవాడు కాదు," అంది. ఒకాయన మాత్రం, "పొద్దున్నే ఆ గోల తప్పింది, మళ్ళీ తేకండి," అన్నాడు. కొందరికి ఎవరో తెలీలేదు. కొందరికి ఇష్టం, కొందరికి విసుగు. ఊరంటే అంతే మరి. కానీ అరవై ఎక్కడా కనపడలేదు, దరిదాపుల్లో కూడా లేదు.

ఆమె తిన్నగా అల్లుడి గదిలోకెళ్ళి అంతా చెప్పేసింది. మామ్మగారి సంగతి, వందమంది సంగతి, అన్నీ. ఉద్యోగం ఊడుతుందని తెలిసే చెప్పింది. నిజానికి ఊడితే బాగుండునని, దెబ్బ తింటే భారం దిగుతుందని ఆశపడింది. అల్లుడు విని, కాసేపు కలం మూత తీసి పెట్టి తీసి పెట్టి, నవ్వేశాడు.

"ఒక్క మామ్మగారి మాటతో మనం ఇంత పుంజుకున్నామంటే ఆవిడ గట్టిదేనక్కా. ఆవిడకో పంకా పంపిద్దాం. ఈ సంగతి మాత్రం ఈ గది దాటనివ్వకండి. సబ్బులవాళ్ళ చెవిన పడితే కొంప మునుగుతుంది."

"మరి బాబాయ్?"

"ఆ వేళ ఇప్పుడు బాగానే నడుస్తోంది కదా. కదిపితే చెడుతుంది."

శిక్ష కూడా దొరకలేదు. దొరికినవాళ్ళు అదృష్టవంతులు. ముక్కలక్క ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళకుండా బస్టాండుకు వెళ్ళింది.

టికెట్ల కిటికీ పక్కన అద్దం బిగించిన చిన్న గది. లోపల ఒక మైకు, ఒక బల్ల, ఒక నీళ్ళ సీసా, బాబాయ్. బయట బెంచీల మీద మూటలతో, పిల్లలతో జనం. ఆమె తలుపు దగ్గరకెళ్ళేసరికి ఆయన ఏదో బస్సు ఏ వరసలో ఆగిందో చదువుతున్నాడు. గోడ మీద రాసిన అక్షరాలు గోడే చదివినట్టుంది. ఆమెను చూడగానే మాత్రం ముఖం వెలిగింది. మైకు కట్టేసి కుర్చీ చూపించాడు.

"రా అమ్మా. విన్నావుగా? ఎలా ఉందిప్పుడు? నవ్వు పూర్తిగా తీసేశాను. జనాన్ని అడిగే మనిషివి, నువ్వే చెప్పాలి. ఇంకా ఎక్కడైనా విసుగ్గా ఉందా?"

ఆ మాటకు ఆమెకు కన్నీళ్ళు ఆగలేదు. కుర్చీలో కూర్చోకుండానే చెప్పేసింది.

"జనాన్ని నేనడగలేదు బాబాయ్. ఆ అరవైమంది లేరు. వందమందీ లేరు. మామ్మగారొక్కరే. రవికలు కుట్టే ఆవిడ. సూది గుచ్చుకుంటోందని అంది, దాన్నే నేను అందరికీ రాసేశాను."



"ఒక్కావిడా?"

"ఒక్కావిడే."

"సూది గుచ్చుకుందనా?"

"అవును బాబాయ్. నన్ను తిట్టండి, కొట్టండి. ఎన్నాళ్ళనుంచో మింగలేక చస్తున్నాను."

ఆయన తిట్టలేదు. పెదవి మూలన ఏదో కదిలింది, భుజాలు కదిలాయి, చివరికి నవ్వొచ్చేసింది. అద్దం అవతల బెంచీ మీద కునికిపాట్లు పడుతున్న ఒకతను ఉలిక్కిపడి ఇటు చూశాడు. "సూదటే అమ్మా! నన్ను చంపింది సూదటే!" అంటూ బాబాయ్ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ నవ్వు విని ముక్కలక్క గుండెల మీంచి బండరాయి దిగినట్టయింది. తప్పు చెప్పుకుంటే ఇంత తేలికా, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు అనుకుంది.

నవ్వు సద్దుమణిగాక బాబాయ్ సీసా ఎత్తి నాలుగు గుక్కలు తాగాడు. ఉత్సాహంగా ముందుకు వంగాడు.

"పోనీలే, ఊరు సంగతి వదిలెయ్. అద్దం ఇవతల కూర్చుని రోజూ విన్నదానివి నువ్వు. నీకెలా ఉండేదమ్మా నా నవ్వు?"

ఒక్క మాట. ఇష్టం అంటే అయిపోతుంది. ఆ మాట లేని మనుషుల తరఫున ఎన్ని వేలసార్లు రాసిందో ఆమెకే తెలీదు. కానీ ఆయన ముఖంలోకి చూస్తుంటే ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది. మామ్మగారు విసుగు అన్నప్పుడు, చేతిలో కలం కదలకముందే తన తల ఊగింది. గడియారం జోకులు, కూతురి ఏడుపు, ఏళ్ళ తరబడి అదే కాఫీ, అదే నవ్వు, నవ్వలేక నవ్విన తన మొహం. రెండో మనిషికి ఫోన్ చేయకపోవడానికి బద్ధకం కారణం కాదు. ఆ మనిషి ఎక్కడ ఇష్టం అంటాడోనని భయపడింది.

ఇంకొకరి నోట్లో మాట పెట్టడం ఇక చాలనుకుంది. ఈసారి అడిగింది తననే.

"విసుగ్గానే ఉండేది బాబాయ్," అంది.

బయట ఏదో బస్సు వచ్చి ఆగింది, జనం మూటలెత్తుకుని లేచారు. బాబాయ్ ఆమెనే చూస్తూ తల ఊపాడు.

"అయితే ఇద్దరు," అన్నాడు.

మైకు నొక్కి, ఆ బస్సు ఎక్కడికి వెళ్తుందో, ఎన్నో వరసలో ఉందో చదవడం మొదలుపెట్టాడు.